ఆగ్నేయం వైపు గొడుగు

6 ఫిబ్రవరి 2006, సోమవారం

ఈ డైరీ మందుల కంపెనీవాళ్ళు ఇచ్చింది. నేను డిసెంబరు ముప్ఫై ఒకటిన రిటైరవుతున్నానని తెలియక ఇచ్చారు. తెలిసి ఉంటే కొత్త నర్సుకోసం దాచి ఉండేవాళ్ళు. సబ్‌సెంటరులో ముప్ఫై అయిదేళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి ఇది. తేదీ, టైము, తల్లి పేరు, బిడ్డ బరువు. ఇప్పుడు తేదీ వేశాను. తర్వాత గడిలో ఏం రాయాలో తెలియడం లేదు.

బీపీ మామూలే. ఎవరూ రాలేదు.

8 ఫిబ్రవరి

ఎవరూ రాలేదు. పాలవాడు వచ్చాడు గానీ, గిన్నె అరుగు మీద పెట్టి ఉంచుతాను కాబట్టి పోసి వెళ్ళిపోయాడు. రేపటినుంచి గిన్నె బయట పెట్టను.

9 ఫిబ్రవరి

గిన్నె బయట పెట్టలేదు. "నర్సమ్మగారండీ, గిన్నె!" అని కేకేశాడు. తీసుకెళ్ళి ఇచ్చాను. "ఎండలు అప్పుడే మొదలెట్టేశాయండి" అన్నాడు. "అవునయ్యా" అన్నాను. ఇంకో మాట వెతుక్కునేలోపు సైకిలెక్కేశాడు.

10 ఫిబ్రవరి

అక్క పోయి ఆరు నెలలు.

టీవీలో బొమ్మ ముగ్గుపిండి చల్లినట్టు వస్తోంది. డాబా మీది పాత యాంటెన్నా మీద కాకులు వాలి వాలి రెండు పుల్లలు వంగిపోయాయి. దాన్ని పెట్టింది మా అక్క ఆశాజ్యోతే. టీచరమ్మ అయినా చీర దోపి నిచ్చెనెక్కేసేది. పైనుంచి "వచ్చిందా రత్నం?" అని అరిచేది. కింద టీవీ ముందు నుంచుని నేను "ఇంకొంచెం తిప్పు... ఆఁ... పోయింది, వెనక్కి, వెనక్కి!" అనేదాన్ని. పెళ్ళి చేసుకోని ఇద్దరాడవాళ్ళం కాలవ గట్టు మీద అంతేసి కేకలు వేసుకుంటుంటే పడవలవాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు.

నా పేరు రత్నమాణిక్యం. అలా పిలిచే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు. అందరికీ నర్సమ్మగారినే.

11 ఫిబ్రవరి

కేబుల్‌వాణ్ణి అడిగాను. "ఒక్కింటికోసం కాలవ దాటించి వైరు లాగలేనండి, ఏమనుకోకండి" అన్నాడు. ఒక్కిల్లు కాదు, రెండు. గోడవతల అప్పాయమ్మగారిల్లు కూడా ఉంది. కానీ వాళ్ళకి ఉన్న టీవీ మీద దుప్పటి కప్పి, దానిమీద పేపర్లు పెట్టుకుంటారు. ఆయనకి కొబ్బరి, ఆవిడకి గేదెలు. వాళ్ళకి టీవీ ఎందుకు?

టీవీలు బాగుచేసే అచ్చిబాబు చెప్పాడు, ఇప్పుడు డిష్ గొడుగులు వచ్చాయట. వైరు అక్కర్లేదు, కేబుల్‌వాడూ అక్కర్లేదు. ఆకాశంలోంచి నేరుగా వస్తుందట, బొమ్మ అద్దంలా ఉంటుందట. తీసుకుందామనుకుంటున్నాను. వార్తలకోసమే.

13 ఫిబ్రవరి

అచ్చిబాబుతో పాలకొల్లు వెళ్ళాను. మా ఊరి సెంటర్లో రేడియో, టీవీ రిపేరు షాపు వాడిది. డెబ్భై నాలుగులో ఎదురుకాళ్ళతో పుట్టాడు నా చేతుల మీద. ముందు కాళ్ళు వచ్చి, తల ఇరుక్కుని, వాళ్ళమ్మ స్పృహ తప్పితే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు ముప్ఫై రెండేళ్ళవాడు, మీసాలు, మెళ్ళో స్క్రూడ్రైవరు. పుట్టిన కథ చెప్పబోతే "ఎన్నిసార్లు చెబుతారండీ, మా ఆవిడ ముందు చెప్పారు, మా మామగారి ముందూ చెప్పారు" అంటాడు.

పాలకొల్లు షాపతను నెలనెలా కట్టేది కొనమన్నాడు, రెండొందల ఛానళ్ళన్నాడు. అచ్చిబాబు ఒప్పుకోలేదు. "నర్సమ్మగారికి రెండొందలు ఎందుకండి? తెలుగు ఉండాలి, వార్తలు ఉండాలి, పాటలు ఉండాలి. ఉచితంగా వచ్చే గవర్నమెంటుది ఇవ్వండి" అన్నాడు. గొడుగు చిన్నదా పెద్దదా అని ఇంకో అరగంట. చిన్నది చూడముచ్చటగా ఉంది గానీ గట్టి వాన పడితే బొమ్మ ఆగిపోతుందట. మన దగ్గర వానలకేం తక్కువ, పెద్దదే తీసుకున్నాం.

బస్సులో ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. పక్కావిడ "ఏంటండీ, అంత పెద్ద మూకుడు, పెళ్ళా?" అంది. చాలా రోజులకి నవ్వొచ్చింది.

14 ఫిబ్రవరి, మంగళవారం

అచ్చిబాబు పొద్దున్నే వచ్చాడు. మూడు గంటలు తిప్పాడు. రాలేదు. మళ్ళీ వస్తానన్నాడు.

15 ఫిబ్రవరి

నిన్న రాసింది తప్పు. రిజిస్టరులో తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, సరైనది రాయాలి. ఉద్యోగంలో చేరిన ఏడాది పెద్ద డాక్టరుగారు నేర్పిన పాఠం. ‘రాలేదు’ మీద గీత కొట్టాను. సంతకం పెట్టాను.

వచ్చింది.

జరిగింది ఇది. మా డాబాకి మెట్లు లేవు. అప్పాయమ్మగారి నిచ్చెన తెచ్చుకుని అచ్చిబాబు పైకెక్కాడు. పిట్టగోడకి పైపు బిగించి, దానికి గొడుగు తగిలించాడు. "దీని మొహం ఆగ్నేయం మూలకి చూడాలండి. ఆ పైనెక్కడో ఉపగ్రహం కూర్చునుంటదండి. మనకి అది కనపడదు గానీ దానికి మనం కనపడతాం" అన్నాడు. "ఒరేయ్, డిష్ గురించి చెబుతున్నావా, దేవుడి గురించా?" అన్నాను.

నన్ను లోపల టీవీ ముందు నిలబెట్టాడు. తెరమీద రెండు గీతలు. పై గీత ఎప్పుడూ సగం నిండే ఉంటుంది, దాన్ని నమ్మకూడదట. కింద గీత లేచిందంటే బొమ్మ వచ్చినట్టు. వేలెడు తిప్పితే వచ్చేది ఇంకో వేలెడు తిప్పితే పోతుంది, అందుకని వచ్చిన క్షణం అరవాలి. అది నా పని.

"వచ్చిందాండీ?"

"లేదు."

"ఇప్పుడాండీ?"

"లేదురా."

ఇలా ఎన్నిసార్లో. నలభై ఉంటాయి. మొదట్లో విసుగ్గా చెప్పాను, తర్వాత విసుగు పోయింది. వాడు అడిగేదాకా ఆగడం, అడగ్గానే చెప్పడం, మళ్ళీ ఆగడం. హోరు భరించలేక టీవీ నోరు ముందే మూసేశాను. ఉన్నట్టుండి కింద గీత లేచింది. నీలం తెర పోయి, వార్తలు చదివే అమ్మాయి వచ్చి కూర్చుంది. చీర అంచు జరీ పోగులతో సహా కనిపిస్తోంది.

"వచ్చిందాండీ?" అన్నాడు పైనుంచి.

నోరు తెరిచాను. వచ్చిందంటే నట్టు బిగిస్తాడు. దిగుతాడు. టీ తాగుతాడు. వెళ్ళిపోతాడు. అక్క పోయిన ఆగస్టునుంచి నన్ను ఎవరూ ఏ మాటా రెండుసార్లు అడగలేదు. ఆ పొద్దున ఒక్కపూటే నలభై సార్లు అడిగారు.

"లేదు" అన్నాను.

వాడు తిప్పాడు. అమ్మాయి పోయింది.

18 ఫిబ్రవరి

మళ్ళీ వచ్చాడు. వంజరం ముక్కల పులుసు పెట్టాను, తిన్నాడు. హారతి (వాళ్ళావిడ) కుట్టుమిషను కావాలంటోందట, పిల్లవాడు ‘ర’ పలకడట. నాలిక కింద నరం చూసి చెబుతాను, తీసుకురమ్మన్నాను.

ఈ రోజు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ లేదన్నాను. రిమోటులో టీవీ నోరు మూసే బటన్ ఏదో ఇప్పుడు చూడకుండానే నొక్కగలను. ఊరికే, తెలిసి ఉండటం మంచిదే.

21 ఫిబ్రవరి

వచ్చాడు. మినపసున్ని చేసి ఉంచాను. బొమ్మ ఒకసారి వచ్చింది, లేదన్నాను.

22 ఫిబ్రవరి

రాలేదు. వాడి షాపుకి ఎవరో వచ్చారట.

23 ఫిబ్రవరి

వచ్చాడు. వైరు కొత్తది మార్చాడు. గొడుగు ముందు ముక్కులా ఉండే ముక్క కూడా మార్చాడు. "ఇది చెడిపోయి ఉంటదండి" అన్నాడు. చెడిపోలేదు పాపం. ఆ పాత ముక్కని గుడ్డతో తుడిచి సొరుగులో పెట్టాను, అదేదో నా తప్పుకి సాక్ష్యం చెబుతుందేమోనన్నట్టు.

ఇందులో ఎవరికీ నష్టం లేదు. అబ్బాయి కడుపునిండా తింటున్నాడు. నా చేతుల మీద పుట్టినవాడు నా ఇంటికొస్తే తప్పేంటి?

26 ఫిబ్రవరి, ఆదివారం

ప్రార్థన అయ్యి గుడి నుంచి వస్తుంటే సెంటర్లో విన్నాను. అచ్చిబాబు ఊళ్ళో మూడిళ్ళకి గొడుగులు పెట్టాడట, మూడూ ఒక్కపూటలో వచ్చాయట. "నర్సమ్మగారింట్లోనే రావట్లేదంట" అని టీ కొట్టు దగ్గర ఒకడు. "వాడికి చేతకాక" అని ఇంకొకడు. నేను విననట్టు వచ్చేశాను.

1 మార్చి, భస్మ బుధవారం

ఈస్టరు దాకా ఈ నలభై రోజులూ ఎవరు ఏం మానేస్తారో మనసులో అనుకోమన్నారు పాస్టరుగారు. టీలో పంచదార మానేస్తానన్నాను. ఇంకేదో మానొచ్చు కదా అని పక్కనుంచి ఎవరో అన్నట్టయింది. పక్కన అక్క కూర్చునే చోటు. ఎవరూ లేరు.

4 మార్చి

అచ్చిబాబు ఈ రోజు తినలేదు. టీ మాత్రం తాగాడు, చల్లారాక. "మీ ఒక్క ఇంటికే ఓడిపోయానండి" అన్నాడు నేల చూసుకుంటూ. తర్వాత లేచి, డాబా ఎక్కి, గోడవతల కొబ్బరిచెట్టు వైపు చాలాసేపు చూశాడు. అది అప్పాయమ్మగారి చెట్టు. గోడ పక్కనే లేచి, తల మా డాబా మీదకి వాల్చి ఉంటుంది. గాలొస్తే దాని ఆకులు మా పిట్టగోడని తుడుస్తాయి. సరిగ్గా ఆగ్నేయం మూల.

"ఇదేనండి అడ్డం" అన్నాడు. ఇన్నాళ్ళకి వాడి మొహంలో వెలుగొచ్చింది.

"ఛ, చెట్టేం చేస్తుందిరా" అన్నాను.

"మీకు తెలీదండి. ఆకు అడ్డమొస్తే సిగ్నలు తాగేస్తదండి."

అడ్డం కాదు. ఆకుల సందులోంచి నాలుగుసార్లు వచ్చింది, నేను చూశాను.

7 మార్చి

అప్పాయమ్మగారు వచ్చారు. మామూలుగా గోడమీదనుంచే మాట్లాడే మనిషి. ఈ రోజు గేటు తీసుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చారు.

"అచ్చిబాబు చెప్పాడండి. చెట్టు కొట్టించేస్తాం" అన్నారు.

కాపు మీదున్న చెట్టు. ఏడాదికి నూటయాభై కాయ దింపుతారు దానినుంచి. ఈ గట్టుమీద కాసే చెట్టు కొట్టడమంటే ఇంట్లో సంపాదించే పెద్దకొడుకుని చంపుకున్నట్టే అంటారు.

"వద్దండీ" అన్నాను. "ముసలిదాన్ని, నాకు టీవీ ఏంటండి. వద్దు."

"అయ్యో, మొహమాటపడకండి. ఎనభై ఆరు వరదల్లో అరటిబోదెల తెప్ప మీద వచ్చారండి మీరు, మా రెండోదానికి. చీకట్లో, పాములు తేలుతుంటే. నేను మర్చిపోతానాండి? మీకంటే చెట్టు ఎక్కువాండి?"

"నిజంగా వద్దండి."

"అలాగే అంటారు మీరు" అని నవ్వి లేచారు.

మా గోదావరి జిల్లాల్లో వద్దంటే ఇంకో గరిటె వడ్డిస్తారు. అరవై ఏళ్ళు ఇక్కడ బతికి కూడా, ఒక్క వద్దు వద్దులాగే వినిపించేట్టు చెప్పడం నాకు చేతకాలేదు. చేతకాకపోవడం ఏంటి, ఎందుకు వద్దో చెబితే ఇట్టే వినిపించేది. అది చెప్పలేదు.

8 మార్చి

చెప్పలేదు.

9 మార్చి

గోడ దాకా వెళ్ళాను. అప్పాయమ్మగారు గేదెకి కుడితి పెడుతున్నారు. "ఏంటండి?" అన్నారు. "ఏం లేదు, ఎండలు" అన్నాను. పాలవాడి మాట.

11 మార్చి

చెప్పలేదు. అచ్చిబాబు రావడం లేదు. చెట్టు కొట్టాకే వస్తాడట. అంటే నేను చేసిందంతా దేనికోసమో అదీ ఆగిపోయింది. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది నా పని.

13 మార్చి

మంగళవారం, శుక్రవారం చెట్టు కొట్టరు. బుధవారం వాళ్ళకి ఊళ్ళో పెళ్ళి ఉంది. గురువారం చెట్లెక్కే రాముడు వస్తాడట.

రేపు చెబుతాను.

14 మార్చి

రేపు.

15 మార్చి

వాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. ఖాళీ ఇంటికి ఏం చెప్పను.

16 మార్చి, గురువారం

అంతా రాస్తాను. గీతలు కొట్టే పని లేకుండా రాస్తాను.

పొద్దున తొమ్మిదిన్నరకి రాముడు వచ్చాడు, నడుముకి కత్తి, కాళ్ళకి తాడు. అచ్చిబాబు కూడా వచ్చాడు, కొట్టగానే గొడుగు సరిచేద్దామని. నిచ్చెనెక్కి మా డాబా మీద నుంచున్నాడు. నేను లోపల కిటికీ దగ్గర నుంచున్నాను. అక్కణ్ణుంచి చెట్టు మొదలు కనిపిస్తుంది.

అప్పాయమ్మగారు తలంటుకుని వచ్చారు. చెట్టు మొదలుకి నీళ్ళు పోశారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. తర్వాత చెట్టుమీద చెయ్యి వేసి, ఎవరూ వినడం లేదనుకుని చెప్పారు. "ఏమనుకోకమ్మా. నర్సమ్మగారికోసం. ఆవిడకి మాత్రం ఎవరున్నారు చెప్పు. కాసింత బొమ్మ చూసుకుంటాది, పొద్దుపోతాది."

ఆ మాట నాకు అరచెయ్యి పెట్టి కొట్టినట్టు తగిలింది. నా ఒంటరితనం ఊరంతటికీ తెలుసు. నేనొక్కదాన్నే అది దాచానని అనుకున్నాను.

రాముడు ఎక్కాడు. ముందు గెలలు కోశాడు, ఇంకా ముదరని కాయలు. దబదబమని పడ్డాయి. తర్వాత ఆకులు. మా డాబా వైపు వాలినవి ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంక మొవ్వు దగ్గరికి వచ్చాడు. మొవ్వు కొట్టాక కొబ్బరిచెట్టు బతకదు. కత్తి ఎత్తాడు.

నేను కిటికీ ఊచలు పట్టుకుని, ఒంట్లో ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"వచ్చింది! అచ్చిబాబూ, వచ్చింది! ఆపండి, వచ్చేసింది!"

ముప్ఫై అయిదేళ్ళు పురిటి గదుల్లో అరిచిన గొంతు. రాముడి కత్తి గాల్లో ఆగింది. అప్పాయమ్మగారు నా కిటికీ వైపు చూశారు. డాబా మీదనుంచి అచ్చిబాబు, చాలా నెమ్మదిగా, అడిగాడు.

"కరెంటు లేదు కదండీ నర్సమ్మగారూ."

లేదు. తొమ్మిదింటికే పోయింది. ఈ గట్టుమీద ఎండాకాలం రోజూ తొమ్మిదింటికి పోతుంది, పదిన్నరకి గానీ రాదు. నా తల మీద ఫ్యాను ఆగి ఉంది, ఎదురుగా టీవీ నల్లగా ఉంది. నేను దానివైపు చూడను కూడా చూడలేదు.

బయటికొచ్చి చెప్పాను. అరుగు మీద నుంచుని, ముగ్గురికీ వినపడేట్టు. మొదటి రోజే వచ్చిందని. ఆ తర్వాత మూడుసార్లు వచ్చిందని. నేనే లేదన్నానని. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెప్పకపోయినా వాళ్ళకి అర్థమైందనుకుంటాను.

చెట్టుమీదనుంచి రాముడు, "మరి కొట్టమంటారా, దిగమంటారాండి?" అన్నాడు.

"దిగు" అన్నారు అప్పాయమ్మగారు. వంగి, పడ్డ కాయలు ఒక్కొక్కటే ఏరి చెంగులో వేసుకున్నారు. పచ్చివి, దేనికీ పనికిరావు. అయినా ఏరారు. నావైపు చూడలేదు.

అచ్చిబాబు నిచ్చెన దిగాడు. స్పానర్లు సంచిలో వేసుకున్నాడు. "వస్తానండి" అన్నాడు. వాడికి టీ పెట్టి ఉంచాను. అది అలాగే ఉంది.

17 మార్చి

ఎవరూ రాలేదు.

18 మార్చి

పాలగిన్నె అరుగు మీదే పెడుతున్నాను.

20 మార్చి

డాబా మీద గొడుగు ఎటు చూస్తోందో నాకు తెలియదు. తెలుసుకోవాలని లేదు.

22 మార్చి

అచ్చిబాబు షాపుకి వెళ్ళాను. ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. స్టూలు తుడిచి వేశాడు. "ఫర్వాలేదండి" అన్నాడు, నేను ఏమీ అనకముందే. ఆ ‘ఫర్వాలేదు’ కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

"తప్పు చేశానురా" అన్నాను.

మరలు ఒక మూతలో వేసుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు. "నెలరోజులు నాకు నిద్ర లేదండి. ఎక్కడ తప్పు చేస్తున్నానా అని. పాలకొల్లు వెళ్ళి షాపతన్ని అడిగొచ్చాను. పుస్తకం తెచ్చి చదివాను. ఆఖరికి నా చేతుల్లో పని పోయిందేమో అనుకున్నానండి. మా ఆవిడతో షాపు ఎత్తేద్దామన్నాను."

ఇది నాకు తెలియనిది కాదు. డెబ్భై తొమ్మిదిలో ఒక బిడ్డ నా చేతుల్లో పోయాడు. నా తప్పేం లేదని పెద్ద డాక్టరుగారు రాసిచ్చినా, మూడు నెలలు నా చేతులు చూసుకుంటే నాకే భయమేసేది. పనిచేసి బతికేవాడికి చేతులమీద నమ్మకం పోతే ఇంకేం మిగలదు. అది తెలిసిన మనిషినే, వాడి చేతులకి నేను అంత పని చేశాను. నాకు తోడు కావాలని.

"నీ చేతుల్లో ఏ లోపమూ లేదురా. మొదటి పూటే తెచ్చావు. జరీ పోగులు కూడా కనపడ్డాయి" అన్నాను.

"ఆయ్" అన్నాడు. అంతే. వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగి, అక్కడున్నవాళ్ళందరికీ వినపడేట్టు అదే మాట చెప్పాను. నర్సమ్మగారు అబద్ధమాడింది, అచ్చిబాబు పని మొదటిరోజే అయిపోయింది అని. ఎవరూ నవ్వలేదు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి లేచి నుంచున్నాడు, ఎందుకో.

26 మార్చి, ఆదివారం

గుడికి వెళ్ళాను. వచ్చాను.

30 మార్చి

చెట్టు చూశాను. నాలుగు ఆకులు పోయిన వైపు బోడిగా ఉంది గానీ మొవ్వులోంచి కొత్త ఆకు, తెల్లగా, ఇంకా విచ్చుకోకుండా లేస్తోంది. అప్పాయమ్మగారితో చెబుదామనుకున్నాను. ఆవిడకి తెలియకుండా ఉంటుందా.

3 ఏప్రిల్

పెద్ద డాక్టరుగారు కలలోకి వచ్చి రిజిస్టరు అడిగారు. తీసి చూపిస్తే అన్నీ ఖాళీ గడులు.

6 ఏప్రిల్, గురువారం

పదకొండు గంటలకి గేటు దగ్గర కేక. "నర్సమ్మగారండీ! ఒక్కసారి రండి!"

ముప్ఫై అయిదేళ్ళు ఆ కేకకి నా కాళ్ళు వాటంతటవే చెప్పుల్లో దూరేవి. ఇప్పుడూ దూరాయి. సంచి ఎక్కడుందా అని కూడా వెతికాను. తర్వాత గుర్తొచ్చింది.

గేటు దగ్గర అప్పాయమ్మగారు, చేతినిండా సెనగపిండి. "మా ఆయన డిష్ తెచ్చాడండి, క్రికెట్టు పిచ్చి. అచ్చిబాబు పైనున్నాడు. కింద చూసి చెప్పేవాళ్ళు లేరండి. నాకేమో చత్వారం, పైగా పొయ్యిమీద నూనె. మీరొచ్చి నుంచోండి."

"నేనా అండి?" అన్నాను.

"ఇంకెవరున్నారండి?" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు, నేను వస్తానో రానో చూడకుండా.

ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళింట్లో అడుగుపెట్టాను. ఎనభై ఆరులో ఈ గదిలోనే మోకాలిలోతు నీళ్ళలో మంచం కాళ్ళకింద ఇటుకలు పెట్టించాను. ఇప్పుడు అక్కడ టీవీ. దుప్పటి తీసేసి మడిచి పెట్టారు. తెరమీద రెండు గీతలు. పై గీత సగం నిండి ఉంది. దాన్ని నమ్మకూడదు.

"వచ్చిందాండీ అప్పాయమ్మగారూ?" అన్నాడు అచ్చిబాబు పైనుంచి.

"లేదు" అన్నాను.

పైన చప్పుడు ఆగిపోయింది. నా గొంతు గుర్తుపట్టాడు. కాసేపటికి మళ్ళీ పైపు కీచుమంది. "ఇప్పుడాండీ?" అన్నాడు, ఎవరినీ పేరు పెట్టకుండా.

"లేదు."

"ఇప్పుడు?"

కింద గీత లేచింది. పచ్చగా, పూర్తిగా. బొమ్మ వచ్చింది, ఎవరో పొలంలో ఎరువుల గురించి చెబుతున్నాడు.

"వచ్చింది!" అన్నాను. వచ్చిన క్షణానే, ఊపిరి తీసుకోకుండా అన్నాను. "కదపకు, అక్కడే ఉంచు, వచ్చింది!"

పైన స్పానరు చప్పుడు లేదు. తర్వాత వాడు, మర్యాదగానే, మెల్లగానే అన్నాడు. "అప్పాయమ్మగారండీ, మీరోసారి చూసి చెబుతారా?"

తప్పేం లేదు. అడగాలి. వాడి స్థానంలో నేనున్నా అడుగుతాను. టీవీ ముందునుంచి పక్కకి జరిగి నుంచున్నాను, ఆవిడ వచ్చి చూసుకోవడానికి.

అప్పాయమ్మగారు వంటింట్లోంచి రాలేదు. మూకుట్లో బజ్జీలు తిప్పుతూ, అక్కడినుంచే పై కప్పు అదిరేట్టు కేకేశారు.

"నర్సమ్మగారు వచ్చిందన్నారుగా! మళ్ళీ నేను చూసేదేంటి? బిగించి దిగు, బజ్జీలు చల్లారిపోతున్నాయి!"

తర్వాత పైన స్పానరు తిరిగిన చప్పుడు వినిపించింది.

ఆవిడ టీవీ వైపు చూడనే లేదు.